క్లే రుద్దాక బానెట్ మీద మసక గీతలు: వ్యాక్స్ వేస్తే పోతాయా?

బోరునీళ్ల బాధితుడు

నల్ల సెడాన్, నాలుగేళ్ల బండి. కూకట్‌పల్లిలో ఆరుబయటే పార్కింగ్, పక్క ప్లాట్‌లో బిల్డింగ్ కడుతున్నారు. షాంపూతో ఎంత కడిగినా బానెట్ మీద చెయ్యి పెడితే గరగరే. 100 గ్రాముల క్లే బార్ (పెయింట్‌కి అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద) తెచ్చి, షాంపూ నీళ్లు చల్లుకుంటూ సగం బానెట్ రుద్దాను. నున్నగా అయింది కానీ ఎండలో చూస్తే అక్కడంతా మసక, సన్నటి గీతలు. దీని మీద వ్యాక్స్ పూస్తే పోతాయా? మిగతా బండికి క్లే ఆపెయ్యాలా? బోరు నీళ్ల తెల్ల మచ్చలు కూడా ఉన్నాయి, వాటికేం చెయ్యాలి?

డిటైలింగ్ దాసు

వ్యాక్స్‌తో పోవండీ. కొన్నాళ్లు కప్పి ఉంచుతుంది, నాలుగు సార్లు కడిగాక మళ్లీ బయటపడతాయి. దీన్నే క్లే మారింగ్ అంటారు. నలుపు కాబట్టి కనపడింది, అదే తెల్ల బండైతే మీకు తెలిసేదే కాదు. రంగు పైన ఉండే పారదర్శక పూత, అంటే క్లియర్‌కోట్, మందం సుమారు 40-50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), ఈ గీతలు అందులో పైపైనే ఉంటాయి. మెత్తటి ఫోమ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్ చాలు. శనగగింజంత చుక్కలు మూడు పెట్టి, రెండడుగుల చదరంలో డ్యూయల్ యాక్షన్ మెషీన్‌తో (ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగే పాలిషింగ్ మెషీన్) నెమ్మదిగా నాలుగు పాస్‌లు. తుడిచి, ఫోన్ టార్చ్ పక్క నుంచి వేసి చూడండి. రోడ్డు పక్క షాపుల్లో "రబ్బింగ్" అని ముతక కాంపౌండ్ పట్టిస్తారు, దాని జోలికి పోకండి. రెండు మూడు మైక్రాన్లు ఊరికే పోతాయి, మళ్లీ తిరిగిరావు.

గీతలు ఎందుకొచ్చాయంటే, క్లే గట్టిగా నొక్కడం వల్లో, తడి చాలకో. బానెట్ వేడిగా ఉంటే షాంపూ నీళ్లు అర నిమిషంలో ఆరిపోతాయి, ఆరిన చోట క్లే అంటుకుని లాగుతుంది. మిగతా బండికి క్లే మానక్కర్లేదు, పద్ధతి మార్చండి.

ముందు నీడలో నిలిపి, బానెట్ చెయ్యి పెడితే చల్లగా తగిలేదాకా ఆగండి. నీళ్లు కొట్టి మట్టి వదిలించాకే గుడ్డ తాకించాలి. బకెట్లు రెండు: ఒకదాంట్లో షాంపూ, ఇంకోదాంట్లో ఉత్త నీళ్లు. ప్యానెల్ అయిన ప్రతిసారీ మిట్ (చేతికి తొడుక్కుని కడిగే మెత్తటి గ్లౌజు) ఉత్త నీళ్లలో జాడించి, ఆ తర్వాతే షాంపూలో ముంచాలి. అంట్లు తోమే లిక్విడ్ మాత్రం వద్దు, ఉన్న వ్యాక్స్‌ని ఊడ్చేస్తుంది.

తర్వాత ఐరన్ రిమూవర్. ఇది చాలామంది వదిలేసే మెట్టు. బ్రేక్ ప్యాడ్ల పొడి, పక్క సైట్‌లో ఇనుము కోసే గ్రైండర్ రవ్వలు పెయింట్‌లో గుచ్చుకుని ఉంటాయి. స్ప్రే కొడితే ఊదారంగు కారుతుంది, కుళ్లిన గుడ్డు కంపు కూడా వస్తుంది, కంగారు పడకండి. డబ్బా మీద రాసినంతసేపే ఉంచి, ఆరకముందే నీళ్లు కొట్టెయ్యండి. ఇది చేస్తే క్లేకి పని సగం తగ్గుతుంది, గీతలూ తగ్గుతాయి.

బార్ మొత్తం చేతిలోకి తీసుకోకండి. సగం తుంచి అరచేతిలో పట్టేంత బిళ్లగా నొక్కండి. రెండడుగుల చదరం ధారాళంగా తడిపి, వేళ్ల బరువుతోనే నిలువుగా, అడ్డంగా జరపాలి. గుండ్రంగా తిప్పొద్దు. మొదట బరబర చప్పుడొస్తుంది, అది ఆగితే అక్కడ పని అయినట్టే. ప్రతి చదరం తర్వాత బిళ్లని తిరగేసి చూసి, నల్లబడ్డ ముఖాన్ని లోపలికి మడిచి పిసకండి. నేల మీద పడితే మాత్రం ఎంత ఖరీదైనా చెత్తబుట్టలోకే, అందులో దిగిన ఇసుక రేణువు కడిగినా రాదు. చివరికి చేతికి పల్చటి పాలిథిన్ కవర్ తొడుక్కుని రాసి చూడండి. వట్టి చేతికి దొరకని గరుకు కవర్‌తో తెలుస్తుంది.

ఏసీ నీళ్లు

నీళ్ల సంగతి చెప్తాను, అసలు గొడవంతా అక్కడే ఉంది. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. నీరు ఆవిరయ్యాక అవే తెల్ల వలయాలుగా మిగులుతాయి. వాటికి క్లే పనికిరాదు. తెల్ల వెనిగర్, డిస్టిల్డ్ వాటర్ సమపాళ్లలో కలిపి, మైక్రోఫైబర్ గుడ్డ తడిపి మచ్చ మీద నిమిషం ఉంచి, వెంటనే కడిగెయ్యండి. అప్పటికీ పోకపోతే మచ్చ క్లియర్‌కోట్‌ని తినేసిందన్నమాట, ఇక పాలిషే దారి.

చాలా ఇళ్లలో ఆర్‌వో ఫిల్టర్ వదిలే వేస్ట్ వాటర్ పారబొయ్యడం ఎందుకని దాంతో కారు కడుగుతారు. అది బోరు నీళ్లకంటే ఉప్పటిది! మొక్కలకే ఆలోచించి పొయ్యాలి, నల్ల కారుకి ససేమిరా. దానికి బదులు ఏసీ నుంచి కారే నీళ్లు బకెట్‌లో పట్టండి. గాల్లో తేమ చల్లబడి వచ్చిన నీరు కాబట్టి లవణాలు దాదాపు ఉండవు. పల్చటి బట్టలో వడకట్టి ఆఖరి జాడింపుకి వాడితే మచ్చలు పడవు. మంజీరా నీళ్లు (కుళాయిలో వచ్చే నది నీళ్లు) వచ్చే రోజు కడిగినా చాలా తేడా ఉంటుంది.

గచ్చుమేస్త్రి

దాసు గారు చెప్పినదానికి ఒక సవరణ. పక్కన బిల్డింగ్ కడుతున్నారంటున్నారు కదా, గరుకులో సిమెంట్ చుక్కలు ఉన్నాయేమో ముందు చూడండి. బూడిద రంగులో, గోరు తగిలితే గట్టిగా ఉంటాయి. వాటి మీద క్లే జరిపితే విరిగిన ముక్కే గీత గీస్తుంది. వెనిగర్‌లో తడిపిన దూది ఐదేసి నిమిషాలు పెట్టి, కడిగి, మెత్తబడేదాకా మళ్లీ మళ్లీ. బాత్‌రూమ్ యాసిడ్ ఐడియా ఎవరైనా ఇస్తే వినకండి, క్రోమ్ బీడింగ్ నల్లబడుతుంది.

బోరునీళ్ల బాధితుడు

అందరికీ థ్యాంక్స్. సిమెంట్ చుక్కలు నిజంగానే ఉన్నాయి, రూఫ్ మీద. ఇంకొక్కటి: వెనక బంపర్‌కి పది రోజుల కింద పెయింట్ వేయించాను. దానికీ క్లే, వ్యాక్స్ చేసెయ్యొచ్చా?

డిటైలింగ్ దాసు

సిమెంట్ మాట కరెక్టే, నేను మర్చిపోయాను. బంపర్‌ని ఇప్పుడు ముట్టుకోకండి. కొత్త పెయింట్‌లోంచి సాల్వెంట్ ఇంకా బయటికి వస్తూ ఉంటుంది, పైన వ్యాక్స్ మూత పెడితే పూత మెత్తగానే ఉండిపోవచ్చు. రెండు నెలలు ఉత్త షాంపూ వాష్ చాలు.

మిగతా ప్యానెళ్లకి పాలిష్ అయ్యాకే వ్యాక్స్. క్లే పాత వ్యాక్స్‌ని కూడా లాగేస్తుంది కాబట్టి క్లేకీ కొత్త వ్యాక్స్‌కీ మధ్య రోజులు గడవనివ్వకండి. బానెట్ మొత్తానికి అర చెంచా వ్యాక్స్ దాటక్కర్లేదు. మందంగా పూస్తే మెరుపు పెరగదు, తుడవలేక చేతులు పడిపోతాయి. నల్ల ప్లాస్టిక్ బీడింగ్‌కి మాస్కింగ్ టేప్ అంటించండి, అక్కడ ఆరిన తెల్ల చారలు ఓ పట్టాన వదలవు. పది నిమిషాలయ్యాక వేలితో గీసి చూడండి. గీసిన చోట శుభ్రంగా మెరిస్తే తుడిచెయ్యొచ్చు, వేలికి జిడ్డుగా సాగితే ఇంకాసేపు. వర్షాకాలంలో ఇరవై నిమిషాలైనా పట్టొచ్చు.