గంటసేపు ప్రార్థనలో ఉన్నా కోపం తగ్గడం లేదు, ఏం చేయాలి?

అందరికీ వందనాలు. మాది ఒంగోలు. చీమకుర్తి గ్రానైటు క్వారీల దగ్గర ఒక ఆఫీసులో లెక్కలు రాస్తాను. ఆరు నెలలుగా తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి గంటసేపు ప్రార్థనలో ఉంటున్నాను. ఆదివారం సాయంత్రాలు ప్రార్థన కొండ ఎక్కుతాను. 1854 జనవరి 1న అమెరికా బాప్టిస్టు మిషనరీలైన జ్యూవెట్ దంపతులు, కొద్దిమంది విశ్వాసులు మోకరించిన కొండ అది. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి చిన్నప్పటి నుంచి వింటున్నదే.

నా సంగతి వేరు. ప్రార్థన నుంచి లేచిన పది నిమిషాలకే కాఫీ ఆలస్యమైందని కసురుతాను. మొన్న మా ఆవిడ అడిగింది: "మీరు దేవుడి దగ్గరికి వెళ్లొచ్చారా, బ్యాంకుకు వెళ్లొచ్చారా?" మాట గుచ్చుకుంది. నిజమే మరి, నా గంటలో ముప్పావు వంతు విన్నపాల చిట్టానే: అమ్మాయి ఫీజు, ఇంటి అప్పు, మోకాలి నొప్పి.

బైబిల్లో నిర్గమకాండము 34లో దేవునితో మాట్లాడి సీనాయి కొండ దిగిన మోషేకు తన ముఖం ప్రకాశిస్తున్నట్లు తెలియదు, చూసినవాళ్లకే తెలిసింది. నా ముఖం చూసి పిల్లలు పక్క గదిలోకి జారుకుంటున్నారు.

అనుభవం ఉన్నవారు చెప్పండి. ఏమీ అడగకుండా సన్నిధిలో ఊరికే కూర్చోవడం మీకు ఎలా అలవాటైంది? నాకు రెండు నిమిషాలకే కునుకు పడుతుంది. బైబిలు వాక్యం ప్రార్థనకు ముందు చదవాలా, తర్వాతా? మీలో మార్పును మొదట గమనించింది మీరా, ఇంట్లోవాళ్లా? ఉపవాసం ఉండమని మాత్రం దయచేసి చెప్పకండి. ప్రయత్నించాను, ఆ రోజు ఇంకా ఎక్కువ కసిరాను.