ఎలుగులు, సింహాల సెక్షన్‌లో కీపర్‌గా చేరుతున్నా. రోజూ పని ఎలా ఉంటుంది?

ఉద్దానం కుర్రోడు:

అందరికీ నమస్కారం. మాది పలాస దగ్గర ఊరు. డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. జూలో ఎనిమల్ కీపర్‌గా రమ్మని అవుట్‌సోర్సింగ్ మీద పిలుపొచ్చింది. జింకలో పక్షులో ఇస్తారనుకున్నా. తీరా చూస్తే ఎలుగుబంట్లు, సింహాల సెక్షన్‌కి వేశారు. అక్కడ చేసే పెద్దాయన రిటైరయ్యాడట, ఆ ఖాళీలో నేను.

ఎలుగు మా వైపు కొత్త కాదు. జీడిపళ్ల కాలంలో తోటల్లోకి దిగుతుంది. తెల్లవారుజామున ఒంటరిగా తోటకి వెళ్లే ధైర్యం ఎవరికీ ఉండదు. అమ్మ భయం కూడా అదే. పైగా 2023 నవంబరులో విశాఖ జూలో హిమాలయన్ ఎలుగు దాడిలో ఒక కుర్ర కీపర్ చనిపోయాడని టీవీలో చూసింది, అది మర్చిపోలేదు. "సింహం దగ్గరకైతే వెళ్లు, ఎలుగు దగ్గరకి మాత్రం వద్దురా" అంటోంది.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా అసలు ఏం పనుంటుంది? జంతువు ఉన్న చోటికి వెళ్లాలా? అమ్మ అన్నట్టు ఎలుగే ఎక్కువ ప్రమాదమా? వీడియోల్లో వెతికితే సింహాన్ని కౌగిలించుకునే విదేశీయులే కనిపిస్తున్నారు. మన దగ్గర చేసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

గోదారి గట్టు:

ముందు జీతం కనుక్కో తమ్ముడూ. సింహానికి రోజుకి ఎనిమిది, పది కిలోల మాంసం. నెలాఖరుకి లెక్కేస్తే దాని మెస్ బిల్లే నీ జీతం కన్నా ఎక్కువ తేలుతుంది.

నైట్‌హౌస్ తాళాలు:

తమ్ముడూ, మీ అమ్మగారు చెప్పిందే కరెక్టు. ఈ రెండింటి దగ్గరా చాలా ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఏ జూ అని అడక్కు. విశాఖ సంగతీ నేను మాట్లాడను, ఆ రోజు నేనక్కడ లేను.

సింహానికి కోపమొస్తే ముందే తెలుస్తుంది. చెవులు వెనక్కి పోతాయి, తోక కొసనున్న కుచ్చు అటూ ఇటూ కొట్టుకుంటుంది, గొంతులో గుర్రు మొదలవుతుంది. వెనక్కి తగ్గడానికి మనకి టైమిస్తుంది. ఎలుగు మొహం చూసి ఏమీ చెప్పలేం. మొహమంతా బొచ్చు, అందులో చిన్న కళ్లు. అంతసేపూ బెల్లం నాకిందే, ఉన్నట్టుండి ఊచల్లోంచి పంజా బయటికి వేస్తుంది. గోళ్లు మన వేళ్లంత పొడుగు. దానికి చూపు తక్కువ, వాసన పట్టడం ఎక్కువ. అలికిడి లేకుండా దగ్గరికెళ్తే ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడితే ముందు మీద పడుతుంది, ఎవరా అని చూడటం ఆ తర్వాతే. మీ జీడితోటల్లో జరిగేదీ అదే కదా. అందుకే ఎలుగుల వరండాలోకి వెళ్లేటప్పుడు బకెట్ చప్పుడు చేసుకుంటూ, ఒక్కోదాన్నీ పేరుతో పిలుచుకుంటూ వెళ్లేవాణ్ని.

జంతువు ఉన్న చోటికి వెళ్లాలా అన్నావు. వెళ్లకూడదు. అది ఖాళీ చేసిన చోటికే వెళ్లాలి. ఈ ఉద్యోగమంతా ఆ తేడా కాపాడుకోవడమే. వెనక నైట్‌హౌస్ ఉంటుంది, అంటే వరసగా గదులు, వాటి ముందు మనం నడిచే వరండా. అటువైపు జనం చూసే పెద్ద ఎన్‌క్లోజర్, చుట్టూ కందకం, దాన్ని మోట్ అంటారు. గదికీ ఎన్‌క్లోజర్‌కీ మధ్య పక్కకి జరిగే ఇనప తలుపు. దాన్ని వరండాలోనే నిలబడి గొలుసుతోనో కడ్డీతోనో లాగుతాం.

పొద్దున్నే వెళ్లగానే చీపురు పట్టుకోకు. ముందు తలలు లెక్కపెట్టు. గది గదికీ ఆగి చూడు. లేచిందా, నాలుగు కాళ్ల మీదా బరువు ఆనుతోందా, రాత్రి మాంసం మిగిల్చిందా, నీళ్లు తాగిందా. ఆ తర్వాత ఎన్‌క్లోజర్ చుట్టూ తిరుగు. రాత్రి గాలికి కొమ్మ విరిగి మోట్ మీద పడి ఉంటే అది వంతెన. నిన్నటి జనం విసిరిన బాటిళ్లు, కవర్లు ఉంటే ఏరేసి, బయటికొచ్చి, ఆ గేటుకి తాళం వేసి, అప్పుడు తలుపు లాగి జంతువుని వదలాలి. వదిలాక మళ్లీ లెక్క. రెండు సింహాలు ఉండాల్సిన చోట కళ్లతో రెండింటినీ చూడాలి. "ఆ చెట్టు వెనక ఉంటుందిలే" అని అనుకోకూడదు. తలుపు మూసి, తాళం వేసి, తాళాన్ని చేత్తో లాగి చూసుకుని, ఆ తర్వాతే కడగడానికి గదిలో కాలు పెట్టాలి. పక్కన ఇంకో మనిషి ఉండాలి. తాళాల గుత్తి నడుముకే ఉండాలి, గోడకి మేకుంది కదా అని తగిలించకూడదు. నేను నేర్చుకున్న హెడ్ కీపర్ తాళం వేస్తూ "వేశాను" అని గట్టిగా అనేవాడు, పక్కవాడు "చూశాను" అనాలి. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత రిటైరయ్యేదాకా నేనూ అలాగే అన్నాను.

ఇక పేడ. నవ్వకు, డాక్టర్‌గారు నిన్ను మొదట అడిగేది దాని గురించే. మాంసం సరిగ్గా అరిగితే సింహం పేడ నల్లగా, ముద్దగా ఉంటుంది. వెంట్రుకలో నురగో రక్తపు జీరో కనిపిస్తే రిజిస్టర్‌లో రాసి, ఫోన్ కూడా చెయ్యాలి. ఎలుగు పేడలో నిన్న అది ఏం తిన్నదో మొత్తం కనిపిస్తుంది. నేరేడు గింజలు, ఖర్జూరం గింజలు, పుచ్చకాయ తొక్క. ఒక ఆడ ఎలుగు పేడలో చాక్లెట్ కాగితం దొరికింది, సందర్శకులు విసిరిందే. అప్పట్నుంచి ఆదివారాల్లో జనం వైపు కూడా ఒక మనిషిని నిలబెట్టించుకున్నాం.

తిండి పెట్టడంలో రెండూ రెండు లోకాలు. సింహానిది సాయంత్రం పని. ఎముకతో సహా పశుమాంసం, ఎప్పుడైనా లివర్, కోడి. ఎవరి గదిలో వాళ్లకి విడిగా పెట్టాలి, కలిపి పెడితే కొట్టుకుంటాయి. వారంలో ఒక రోజు మాంసం ఉండదు, కడుపుకి విశ్రాంతి. ఆ సాయంత్రం గర్జనలు ఎక్కువ. ఎలుగుకి పొద్దున రవ్వో రాగిపిండో పాలల్లో ఉడికించి బెల్లం వేసిన జావ, ఆ తర్వాత పళ్లు, ఉడికించిన గుడ్లు, దుంపలు. దీనికి పైన ముందు పళ్లు రెండు ఉండవు. ఆ సందులోంచి, పెదాలు ముందుకి చాపి, ముక్కు రంధ్రాలు మూసుకుని చెదల్ని పీల్చేస్తుంది. చిల్లులు పెట్టిన దుంగలో తేనె రాసి ఇస్తే ఆ చప్పుడు వినాలి, ఖాళీ అయిన కొబ్బరిబోండాంలో స్ట్రా పెట్టి గట్టిగా లాగినట్టుంటుంది. నైట్‌హౌస్ బయటికీ వినిపిస్తుంది. జావ గిన్నెలో పోసి ఇచ్చేస్తే రెండు నిమిషాల్లో నాకేసి, రోజంతా ఊచల వెంట అటూ ఇటూ తిరుగుతుంది. అందుకే తిండి దాచిపెట్టాలి, రాళ్ల కింద, చెట్టు తొర్రలో, గోనెసంచిలో. వెతుక్కుంటూ ఉంటే దాని పొద్దు పోతుంది. ఇది డ్యూటీ చార్ట్‌లో రాసి ఉండకపోవచ్చు. అయినా చెయ్యి.

సింహాల్లో నాకు బాగా దగ్గరైంది సర్కస్ నుంచి వచ్చిన ముసలిది. సర్కస్‌లో సింహం, పులి, ఎలుగు, చిరుతలాంటివి ఆడించకూడదని కేంద్రం 1998లో నోటిఫికేషన్ ఇచ్చింది, 2001లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. అప్పట్నుంచి అలాంటి సింహాలు విశాఖ, తిరుపతి రెస్క్యూ సెంటర్లకి వచ్చాయి. చాలావరకు ఆఫ్రికా, గిర్ రక్తం కలిసినవి. అందుకే వాటికి పిల్లలు పుట్టనివ్వరు, ఉన్నన్నాళ్లు చూసుకోవడమే. మా ముసలిదానికి తలుపు తెరిస్తే బయటికొచ్చి గడప ముందున్న సిమెంటు గచ్చు మీద ఆగిపోయేది. ముందరి పాదం గడ్డి మీద పెట్టి, వెంటనే తీసేసి, తడి తగిలిందేమో, విదిలించుకునేది. మళ్లీ లోపలికి. దాన్ని ఎవరూ తోయలేదు, అదిలించలేదు. మాంసం ముక్క రోజుకొక జానెడు దూరం జరిపి పెట్టాం. చివరికి వేపచెట్టు కింద వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. అది నాదని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. ఊచల్లోంచి చెయ్యి పెట్టి నిమిరే కుర్రాళ్లని చూశాను, నాకు ఒళ్లు మండేది.

ఎండాకాలం పని రెట్టింపు. స్ప్రింక్లర్లు, కూలర్లు, తడి వట్టివేళ్ల తడకలు, ఎలుగులకి పళ్ల ముక్కలు వేసి గడ్డకట్టించిన ఐసు. సాయంత్రం పొద్దున చేసిందంతా తిరగేసి చెయ్యాలి, తిండి లోపల పెట్టి పిలిస్తే వాటంతటవే వస్తాయి. ఏదైనా రాలేదంటే గంటైనా కూర్చోవాలి. బస్సు టైమైందని తొందరపడే రోజే ప్రమాదం.

ఒక చిన్న విషయం. మగ సింహం నీకు వీపు చూపించి తోక ఎత్తిందంటే గౌరవం తగ్గించిందని కాదు, పక్కకి దూకు. వెనక్కి చిమ్ముతుంది, ఊచల అవతల నిలబడ్డవాడు నిలువునా తడుస్తాడు.

జూ డ్యూటీ చేసిన వెట్:

పెద్దాయన చెప్పినదానికి రెండు మూడు కలుపుతాను. బాబూ, సింహాల గదులు ఫినాయిల్‌తో కడగకు. పిల్లి జాతికి ఫినాల్ పడదు, వాటి శరీరం దాన్ని బయటికి పంపలేదు. ఏ మందు ఎంత నీళ్లలో కలపాలో మీ డాక్టర్ని అడిగి గోడ మీద రాసి పెట్టుకో. గదిలోకి వెళ్లే ముందు ఫుట్‌బాత్‌లో, అంటే గుమ్మం దగ్గర మందునీళ్ల తొట్టిలో, బూట్లు ముంచడం మర్యాద కోసం కాదు, ఒక సెక్షన్ రోగం ఇంకో సెక్షన్‌కి పోకుండా.

చేరగానే టీబీ పరీక్ష, రేబిస్ ముందస్తు టీకా గురించి అడుగు. మన నుంచి వాటికీ రోగాలు పోతాయి. 2021లో హైదరాబాద్ జూలో ఎనిమిది ఆసియా సింహాలకి కోవిడ్ తేలింది. ముక్కు కారడం, దగ్గు గమనించాకే శాంపిల్స్ హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకి వెళ్లాయి. రోజూ దగ్గరుండి చూసే మనిషి కంటికి ఉన్న విలువ అది. మేం వారానికోసారి వస్తాం, మమ్మల్ని చూడగానే జంతువు మొహం మారిపోతుంది. ఇంజెక్షన్ కోసం కదలకుండా అదిమిపట్టే స్క్వీజ్ కేజ్ గుర్తొస్తుంది కాబోలు. కీపర్ చెప్పిందే మాకు ఆధారం.

మధురవాడ అత్త:

మా ఆయనా కీపరే. పులులు, సింహాలు. నేను ఇంటి సంగతి చెబుతా, ఇది ఎవరూ చెప్పరు. ఆ బట్టలు ఇంట్లో బట్టలతో కలిపి మెషీన్‌లో వెయ్యకు నాయనా. ఆ సింహం తడి వాసన సర్ఫ్‌కి లొంగదు. మాకు పెరట్లో విడిగా బకెట్ ఉంది. పండగలకి సెలవు మీద ఆశ పెట్టుకోకు. కనుమ నాడు ఊరంతా మీ జూలోనే ఉంటుంది, ఆయన భోజనం క్యారేజీలో అక్కడికే వెళ్తుంది. మీ అమ్మగారికి నా మాటగా చెప్పు, సాయంత్రం గేటు దాటగానే ఒక ఫోన్ కొట్టించుకోమని. నేను పెళ్లయిన కొత్తలో పెట్టిన రూలు, ఇప్పటికీ నడుస్తోంది.

ఉద్దానం కుర్రోడు:

అందరికీ చాలా థాంక్స్. అమ్మకి మొత్తం చదివి వినిపించా. అత్తా, మీ ఫోన్ రూలు వెంటనే పాస్ అయిపోయింది. ఎలుగు గురించి తన మాటే నెగ్గిందని కాస్త గర్వంగా కూడా ఉంది.

బాబాయ్, ఇంకో రెండు. వాటికి మనిషి గుర్తుంటాడా? కొత్తవాణ్ని కాబట్టి మొదట్లో నా చేతి తిండి తినకపోతే ఏం చెయ్యాలి? ఇంకోటి, స్టోర్‌లో నా సైజు గమ్‌బూట్లు లేవట. 8 కావాలి, 9 తీసుకోమంటున్నారు. సర్దుకుపోనా?

నైట్‌హౌస్ తాళాలు:

గుర్తుంటాడు. మనిషి వాసన, అడుగుల చప్పుడు, తాళాల చప్పుడు, అన్నీ గుర్తే. సెలవు నుంచి వచ్చిన రోజు ఎలుగులు నేను వరండా మొదట్లో ఉండగానే లేచి నిలబడేవి. నా మీద ప్రేమో బకెట్ మీద ప్రేమో నేను తేల్చుకోలేదు. కొత్తలో ఒకటి రెండు పూటలు తినకపోతే కంగారుపడకు. పాత మనిషి ఎవరైనా పక్కనుంటే అతనితో పెట్టించు, నువ్వు కనిపించేలా నిలబడు. మూడో పూట కూడా ముట్టకపోతే డాక్టర్‌కి చెప్పు. మొదటి రోజుల్లోనే నిన్ను ఒంటరిగా వదిలి తాళాలు చేతిలో పెడితే మాత్రం వద్దని చెప్పు. తప్పుగా అనుకున్నా ఫర్వాలేదు.

బూట్ల దగ్గర సర్దుకుపోకు. వదులు బూటుతో తడి గచ్చు మీద జారితే పట్టుకోవడానికి ఆ గదిలో ఊచలు తప్ప ఏమీ ఉండవు. స్టోర్ వాళ్లు తెప్పించేదాకా బజార్లో 8 నంబర్ కొనుక్కో, అడుగున గాట్లు లోతుగా ఉన్నవి చూసి.