అగస్టస్ అన్నేళ్లు నిలిచింది చట్టంతోనా, కత్తితోనా?

గోదారోడు:
క్రీ.పూ. 44 మార్చి 15న రోమ్ పాలకుడు జూలియస్ సీజర్‌ని సెనేట్ (రోమ్ పెద్దల సభ) సమావేశంలోనే పొడిచి చంపారు. రాజైపోతాడేమోనని భయం. వీలునామాలో అతను దత్తత తీసుకున్న ఆక్టేవియన్‌కి అప్పుడు 18 ఏళ్లు. ఆ కుర్రాడే అగస్టస్ పేరుతో రోమ్ మొదటి చక్రవర్తి అయ్యి, క్రీ.శ. 14లో 75 దాటాక మంచం మీద పోయాడు. తేడా ఎక్కడ? నేనైతే చట్టం అంటాను. సీజర్ తనను శాశ్వత డిక్టేటర్‌ని చేయించుకున్నాడు. ఇతను క్రీ.పూ. 27 జనవరిలో "అన్నీ మీకే ఇచ్చేస్తున్నా" అని సెనేట్‌కి చెప్పాడు. వాళ్లు వద్దు వద్దంటూ స్పెయిన్, గాల్, సిరియా, ఈజిప్టు పదేళ్లకు అప్పగించి, అగస్టస్ బిరుదు కూడా ఇచ్చారు.

నాకు ఇంకా నచ్చేది క్రీ.పూ. 23లో చేసిన పని. అప్పటిదాకా ఏటా తనే కాన్సుల్, అంటే ఏటా ఎన్నుకునే పెద్ద పదవి. ఏడాదికి ఉండేవే రెండు సీట్లు, ఒకటి ఇతనే పట్టుకుంటే పెద్దింటివాళ్లకు మండదా? అది వదిలేసి ట్రిబ్యూన్ (సామాన్య జనం తరఫు అధికారి) అధికారం తీసుకున్నాడు. పదవి కాదు, అధికారం మాత్రమే. సెనేట్‌ని పిలవొచ్చు, నచ్చని నిర్ణయాన్ని ఆపొచ్చు, ఒంటిమీద చెయ్యి వేసినవాడు పాపి. చచ్చేదాకా దాన్ని వదల్లేదు.

కారప్పొడి:
గోదారోడు గారూ, మీరు సినిమా ఇంటర్వెల్ నుంచి చూస్తున్నారు. క్రీ.పూ. 27కి ముందు 17 ఏళ్లు ఏం చేశాడు? సీజర్ రోమ్ పౌరులకు తలా 300 సెస్టర్స్‌లు రాసిపోయాడు. సీజర్ అనుచరుడు ఆంటోనీ ఆ డబ్బు కదలనివ్వకపోతే, కుర్రాడు ఆస్తులు అమ్మి పంచాడు. సీజర్ పాత సైనికులకు తలా 500 డెనారియస్‌లు (ఒక్కోటి 4 సెస్టర్స్‌లు) ఇచ్చి సొంత సైన్యం కట్టాడు. మామూలు సిపాయికి అది రెండేళ్ల జీతం కంటే ఎక్కువ.

క్రీ.పూ. 43లో కాన్సుల్ పదవి కావాలని సైనికుల్ని సెనేట్‌కి పంపాడు. సెనేటర్లు నసిగారు. అప్పుడు కొర్నేలియస్ అనే సెంచూరియన్ (దళ నాయకుడు) పైవస్త్రం వెనక్కి తోసి, కత్తి పిడి చూపించి, "మీరు చెయ్యకపోతే ఇది చేస్తుంది" అన్నాడట. చరిత్రకారుడు సుయెటోనియస్ రాసిన మాట ఇది. ఆ ఆగస్టులోనే 19 ఏళ్లవాడు కాన్సుల్ అయ్యాడు. ఆ ఏడాది చివర్లో ఆంటోనీ, ఇంకో సేనాపతి లెపిడస్‌లతో కలిసి చంపాల్సినవాళ్ల జాబితాలు వేశారు. తనను వెనకేసుకొచ్చిన సెనేటర్ సిసిరో పేరు కూడా అందులో ఉంది. ఆ ముగ్గురి కూటమికి కూడా చట్టమే చేయించారండీ! అదీ మీరు మెచ్చుకునే చట్టం.

నాణేల డబ్బా:
మీరిద్దరూ జనాన్ని వదిలేశారు. క్రీ.పూ. 22లో టైబర్ నది పొంగింది, రోగాలు వచ్చాయి, తిండిగింజలు కరువయ్యాయి. అతను కాన్సుల్‌గా లేకపోవడం వల్లే ఈ దరిద్రమంతా అని జనం అనుకున్నారు. సెనేటర్లను లోపల పెట్టి మూసేసి, ఇతన్ని డిక్టేటర్ చెయ్యకపోతే తగలబెడతామన్నారు. ఇతనేమో మోకాళ్ల మీద కూర్చుని, బట్ట లాగి ఛాతీ చూపిస్తూ వద్దని బతిమాలాడు. నటనే అనుకోండి. కానీ ధాన్యం సరఫరా బాధ్యత మాత్రం తీసుకున్నాడు. డిక్టేటర్ పేరు వద్దు, బియ్యం కొట్టు తాళం కావాలి (అక్కడ బియ్యం కాదు, గోధుమలు). ఈ జనాన్ని కత్తి చూపించి తెచ్చారా?

గోదారోడు:
అక్కా, అది నా వైపు వాదనే! పేరు వద్దన్నాడు కాబట్టే బతికాడు.

వేసవి సెలవులు:
ఒక చిన్న సవరణ. క్రీ.పూ. 27లో సైన్యం మొత్తం అతని చేతికి రాలేదు. మాసిడోనియా, ఆఫ్రికా లాంటి చోట్ల సెనేట్ గవర్నర్ల కింద కూడా లీజియన్లు (సైనిక దళాలు) ఉన్నాయి. ఎక్కువ భాగం ఇతనివి, అంతే. ఈజిప్టుకి మాత్రం అనుమతి లేకుండా ఏ సెనేటరూ అడుగుపెట్టకూడదు. గోధుమలూ డబ్బూ వచ్చేది అక్కణ్నుంచే మరి. ఇంకోటి, యుద్ధాలు గెలిచిపెట్టింది అతని సేనాపతి అగ్రిప్పా. ఆంటోనీని ఓడించిన ఆక్టియం యుద్ధం పేరు చెప్పి అగస్టస్‌ని పొగిడేవాళ్లు ఆయన్ని మర్చిపోతుంటారు.

కారప్పొడి:
సవరణ ఒప్పుకున్నా. అయినా కత్తి అంటే నేను బెదిరింపు ఒక్కటే అనట్లేదు, సిపాయికి ముసలితనంలో అన్నం పెట్టేదెవరు అన్నది అసలు ప్రశ్న. పాత రోజుల్లో రిటైరయ్యాక బతకడానికి భూమి సేనాపతి ఇప్పించాలి, అందుకే సిపాయి రోమ్ మాట కాకుండా సేనాపతి మాట వినేవాడు. క్రీ.పూ. 41లో ఇతనూ ఇటలీ రైతుల పొలాలు లాక్కునే పంచాడు. ఎంత ఏడుపో! గెలిచాక పద్ధతి మార్చాడు. పొలాలు డబ్బిచ్చి కొన్నాడు, ఒక్క ఇటలీలోనే దాదాపు 60 కోట్ల సెస్టర్స్‌లు పెట్టానని తన శాసనంలో చెక్కించుకున్నాడు. క్రీ.శ. 6లో సైనికుల కోసం వేరే ఖజానా పెట్టి, తన జేబులోంచి 17 కోట్లు వేశాడు. తర్వాత నింపడానికి వారసత్వ ఆస్తి మీద 5 శాతం, వేలం అమ్మకాల మీద 1 శాతం పన్ను. ఇటలీ డబ్బున్నవాళ్లు లబోదిబోమన్నారు. రిటైరయ్యే సిపాయికి 12,000 సెస్టర్స్‌లు, అంటే సుమారు 13 ఏళ్ల జీతం. ఇక వాడు ఇంకో సేనాపతి వెనక ఎందుకెళ్తాడు?

నాణేల డబ్బా:
ఈ పింఛను పాయింటు నాకు కొత్త, బాగుంది. దక్షిణ భారతంలో దొరికిన అగస్టస్ వెండి నాణేల్లో చాలావాటి మీద ఇద్దరు కుర్రాళ్లు డాలు పట్టుకుని నిలబడి ఉంటారు. మనవలు గాయస్, లూసియస్, తనే దత్తత తీసుకున్నాడు. "రాజుని కాను" అన్నవాడు వారసుల బొమ్మలు ఎందుకు వేయించినట్టు? ఇద్దరూ అతని కంటే ముందే పోయారు, చివరికి సవతి కొడుకు టైబీరియస్ మిగిలాడు.

గోదారోడు:
టైబీరియస్ దగ్గరికే వద్దాం. అగస్టస్ పోయాక అతను సెనేట్‌ని పిలిచింది ట్రిబ్యూన్ అధికారంతోనే. చట్టం ఉత్త ముసుగైతే అది చూసుకోవాల్సిన అవసరం ఏమిటి?

కారప్పొడి:
నిజమే, చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. దాని పక్కనే ఇంకోటీ రాశాడు చూడండి: పెద్దాయన పోగానే కాపలా దళానికి సంకేతపదం ఇచ్చింది కూడా టైబీరియసే. అది సెనేట్‌ని అడిగి ఇవ్వలేదు. ఆ ఏడాదే డాన్యూబ్, రైన్ దగ్గర లీజియన్లు తిరగబడ్డాయి. డాన్యూబ్ వాళ్లు అడిగింది రోజుకో డెనారియస్, 16 ఏళ్లకే రిటైర్మెంటు.