పాపకు ఉగ్గు ఎట్లా చేయాలి? మిషిగన్‌కు కొత్తగా వచ్చినాం

అందరికీ నమస్కారం. మాది కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా. వచ్చి రెండు నెలలైంది. వచ్చే వారానికి పాపకు ఆర్నెల్లు నిండుతాయి. అమ్మకు వీసా రాలేదు. ఇక్కడి డాక్టరు డబ్బాలోది పెట్టమంటారు, అమ్మ ఫోన్లో బియ్యం ఉగ్గు అంటుంది, మా అత్త తేనె నాకించమంటుంది. రాగులు మొలకెత్తిస్తే ఎండబెట్టేకి ఇక్కడ ఎండే లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు, ప్రొద్దుటూరు అక్క నుంచి:

చెల్లెమ్మా, ముందు తేనె సంగతి. ఏడాది నిండేదాకా ఒక్క చుక్క కూడా వద్దు. తేనెలో బాటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బీజాలు ఉండొచ్చు. పసిబిడ్డ పేగుల్లో అవి పెరిగి విషం పుట్టిస్తాయి, వేడి చేసినా చావవు. అత్తమ్మకు "డాక్టరమ్మ గట్టిగా వద్దన్నారు" అని చెప్పు, నొచ్చుకోరు. ఉప్పు, బెల్లం కూడా ఇప్పుడు వద్దు. ఆవుపాలు తాగించేది ఏడాది తర్వాతే. నీ పాలు మాత్రం ఆపకు.

మా పెద్దోడికి ఏడాది దాకా బియ్యం, పెసరపప్పు, జీలకర్ర వేయించి కొట్టిన ఉగ్గు తప్ప ఇంకేమీ పెట్టలేదు. మా అమ్మ చెప్పినట్టే చేస్తున్నా కదా అని ధైర్యం. ఏడాదికి ఇక్కడ రక్తపరీక్ష చేస్తారు. రక్తం తక్కువుందని తేలింది. ఆ రోజు కారులో కూర్చుని ఏడ్చినా. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు దాచుకున్న ఐరన్ ఆర్నెల్లకు అడుగంటుతుంది, బియ్యం ఆ లోటు తీర్చదు. పైగా బియ్యంలో ఆర్సెనిక్ అనే విషపదార్థం చేరుతుందని, ఒక్క బియ్యమే పెట్టొద్దని ఇక్కడి పిల్లల డాక్టర్లు చెబుతారు. అందుకే డబ్బాలోదని చిన్నచూపు చూడొద్దు. ఐరన్ కలిపిన ఓట్స్ సీరియల్ ఒక పూట, మన రాగిజావ ఒక పూట పెట్టు. మెత్తగా మెదిపిన గుడ్డు, మీరు తింటే మాంసం కూడా మొదలుపెట్టొచ్చు.

రాగుల్లో వంద గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. కానీ మొలకెత్తించకుండా ఉట్టి రాగిపిండి కాచొద్దు. మొలక వచ్చేటప్పుడు పిండిని విరిచే గుణం పుడుతుంది. అప్పుడు పిండి ఎక్కువ వేసినా జావ జారుగానే ఉంటుంది, చిన్న పొట్టకు ఎక్కువ బలం అందుతుంది. ఐరన్‌ను ఒంటికి పట్టనీయనివి కూడా కొంత తగ్గుతాయి.

రాళ్లు లేకుండా కడిగి రాత్రంతా నానబెట్టు. నీళ్లు వంచి పలుచటి గుడ్డలో మూట కట్టు. మన మిద్దెల్లో ఒక్క రాత్రికే మొలక కనపడేది, ఇక్కడ జనవరిలో నాకు రెండు రోజులైనా రాలేదు. ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి అందులో మూట పెడితే వచ్చింది. పుల్లటి వాసన, జిగట వస్తే పారేయాల్సిందే. ఎండ లేకపోతే ఏం, బట్ట మీద పలుచగా పరిచి ఫ్యాను కింద ఒక పగలూ రాత్రీ వదిలేయ్. బాగా ఆరినాక సన్నటి సెగన దోరగా వేయించు. మాడితే మొలకెత్తించిన ఫలమంతా పోతుంది. ఊరి నుంచి తెచ్చుకున్న మిక్సీ ఇక్కడి 120 వోల్టులకు సరిగా తిరగదు, కాఫీ గ్రైండరు చాలు. పిండిని పలుచటి గుడ్డలో జల్లించు.

ఇంకొకటి, శెనక్కాయలు. మన జిల్లాల్లో అవి లేని ఇల్లుండదు, ఇక్కడికొచ్చినాక మాత్రం అలెర్జీ అని భయపడి దాచేస్తాం. 2015లో లీప్ అనే అధ్యయనంలో, అలెర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పిల్లలకు మొదటి ఏడాదిలోనే వాటిని తినిపిస్తే ఆ అలెర్జీ చాలా తగ్గిందని తేలింది. 2017లో అమెరికా సూచనలు కూడా దానికి తగ్గట్టే మారినాయి. వేయించి, పొట్టు తీసి, మెత్తగా పొడి కొట్టి పావు చెంచా జావలో కలుపు. మొదటిసారి పొద్దున పెట్టి, దద్దుర్లు, వాంతులు వస్తాయేమో చూసుకో. పాపకు ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురద పెట్టేది) గట్టిగా ఉన్నా, గుడ్డు పడకున్నా డాక్టరును అడగకుండా పెట్టొద్దు. గింజలు గింజలుగా నాలుగేళ్ల దాకా ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

జవాబు, కర్నూలు పెద్దాయన నుంచి:

అమ్మా, ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే బియ్యం పంపమనొద్దు. గింజల్ని తినేసే ఖాప్రా పురుగు వస్తుందని విమానం సామానులో బియ్యం రానివ్వరు. తినేది ఏది తెచ్చినా కస్టమ్స్ వాళ్లకు చెప్పాల్సిందే. మన సోనా మసూరి, రాగులు ఇక్కడి ఇండియన్ అంగళ్లలోనే దొరుకుతాయి.

కళ్యాణదుర్గం నుంచి:

అక్కా, రాత్రే నానబెట్టినా. మొదటి రోజు ఎంత పెట్టాలి? మిగిలింది దాచొచ్చా?

ప్రొద్దుటూరు అక్క:

రెండు చెంచాలు చాలు. ఉమ్మితే బలవంతం వద్దు, మర్నాడు మళ్లీ చూడు. పాప నోట్లో పెట్టిన చెంచా తగిలిన గిన్నెలోది దాచకు, పారేయ్. తగలకముందే వేరే తీసి పెట్టింది ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంటుంది. మూట విప్పినాక మొలక ఎట్లొచ్చిందో ఒక ఫోటో పెట్టు.