క్రూజ్ కేసినోలో గెలిచిన డబ్బుకి ట్యాక్స్ ఎలా చూపించాలి?

అందరికీ నమస్కారం. మేం డాలస్‌లో ఉంటాం, హెచ్‌1బీ మీద. 2025 డిసెంబరులో టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి వెళ్ళిన క్రూజ్‌లో మా ఆవిడకి స్లాట్ మెషీన్‌లో 1,850 డాలర్లు తగిలాయి. మెషీన్ ఆగిపోయి పైన లైటు వెలిగింది. కేసినో అతను వచ్చి పాస్‌పోర్టు చూసి, సోషల్ సెక్యూరిటీ నంబరు రాసుకుని డబ్ల్యూ-2జీ ఫారం (జూదంలో గెలిచిన డబ్బు వివరాలుండే ట్యాక్స్ ఫారం) ఇచ్చాడు. ట్యాక్స్ మాత్రం పట్టుకోలేదు.

నడిసముద్రంలో గెలిచినా అమెరికా రెసిడెంట్లు ఐఆర్‌ఎస్‌కి (అక్కడి ఆదాయపన్ను శాఖకి) చూపించాల్సిందేనని తెలుసు, పూర్తిగా కట్టేస్తాం. టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కం ట్యాక్స్ లేదు కాబట్టి ఆ గొడవ లేదు.

నా టెన్షనల్లా పోయిన డబ్బు గురించే. అదే ట్రిప్పులో దాదాపు 900 డాలర్లు పోయాయి. ఐటమైజ్ చేస్తేనే, అంటే మినహాయింపులు విడివిడిగా చూపిస్తేనే, ఆ నష్టం తగ్గించుకోవచ్చట. మేమేమో స్టాండర్డ్ డిడక్షన్ (లెక్కలు చూపకుండా తీసుకునే స్థిరమైన మినహాయింపు) తీసుకుంటాం. ఒకే సిట్టింగ్‌లో గెలిచిందీ పోయిందీ కలిపి లెక్కేయొచ్చా? షిప్ కార్డు స్టేట్‌మెంటు రుజువుగా సరిపోతుందా? ఇలా ఫైల్ చేసినవాళ్ళుంటే దయచేసి చెప్పండి.