చందనోత్సవం కోసం పిల్లకి నెలసరి వాయిదా మాత్ర: వేయాలా, వద్దా?

గోపాలపట్నం అమ్మ:
అక్షయ తృతీయకి మా ఇంటిల్లిపాదీ సింహాచలం వెళ్తాం. అప్పన్న నిజరూప దర్శనం ఏడాదికి ఆ ఒక్కరోజే కదా. ఈసారి మా పాప డేట్ సరిగ్గా అదే వారంలో పడుతోంది. దానికి పదహారేళ్లు. మెడికల్ షాపులో మాత్ర దొరుకుతుంది, మూడు రోజుల ముందు నుంచి వేయించమని మా అత్తగారు. నాకు మనసొప్పడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

బురుజుపేట పెద్దమ్మ:
దీనికింత టెన్షన్ ఎందుకమ్మా? మా ఆడపడుచు కూతురి పెళ్లికి నలుగురం వేసుకున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. గుడికి వెళ్లేటప్పుడు అంటూ ముట్టూ చూసుకోవాలి కదా. అయినా మా రోజుల్లో బయట చేరితే ఆ మూడు రోజులే ఆడదానికి విశ్రాంతి. ఇప్పుడు అదీ తప్పంటున్నారు.

ఎంవీపీ కోడలు:
పెద్దమ్మగారూ, విశ్రాంతి అంటే నవ్వొస్తోంది. మా అమ్మమ్మగారింట్లో వంటగది గడప దాటనిచ్చేవారు కాదు గానీ, పెరట్లో దుప్పట్లన్నీ ఉతికించేవారు. చాప వేరు, కంచం వేరు, చెంబు వేరు. ఆవకాయ జాడీ ముట్టుకుంటే బూజు పడుతుందనేవారు. ఒకసారి మర్చిపోయి గరిట పెట్టేశాను, భయమేసి ఎవరికీ చెప్పలేదు. సంక్రాంతికి కూడా ఆ ఆవకాయే తిన్నాం.
మాత్ర మీద నాకు కోపం లేదు. డిగ్రీ పరీక్షలప్పుడు డాక్టర్ని అడిగి నేనూ వేసుకున్నాను. అది నా అవసరం, నేను అడిగాను. ఇక్కడ పిల్ల అడిగిందా?

దొండపర్తి కౌంటర్:
మందుల షాపులో పనిచేస్తాను. మార్గశిర గురువారాలు వచ్చాయంటే కనకమహాలక్ష్మి గుడికి వెళ్లేవాళ్లు దీని కోసం వస్తూనే ఉంటారు. మందు పేరు నోరెథిస్టెరాన్. ఇది డాక్టర్ చీటీ మీద ఇవ్వాల్సినది. వాడినన్నాళ్లూ గర్భాశయం లోపలి పొర ఊడదు, ఆపాక రెండు మూడు రోజులకి మామూలుగా డేట్ వచ్చేస్తుంది. రక్తం గడ్డకట్టే సమస్య, లివర్ జబ్బు ఉన్నవాళ్లు వేసుకోకూడదు. పక్కింటావిడకి పడింది కదా అని మన పిల్లకి వేసేది కాదమ్మా.
తమాషా ఏంటంటే, ఈ మాత్రల షీటు చేత్తో పట్టుకుని వెళ్లిపోతారు. ప్యాడ్స్ అయితే పేపర్ చుట్టి నల్ల కవర్లో పెట్టాలి. ఓసారి పేపర్ అయిపోయిందంటే ఒకావిడ ప్యాకెట్ వెనక్కి తోసేసింది. 2018లో ప్యాడ్స్ మీద 12 శాతం జీఎస్టీ తీసేశారు. నల్ల కవరు మాత్రం అలాగే ఉంది.

బురుజుపేట పెద్దమ్మ:
చీటీ సంగతి నాకు తెలీదు నాయనా. డాక్టరమ్మకి చూపించే వేయండి. కానీ ఆ దర్శనం పోతే మళ్లీ ఏడాదాగాలి.

గోపాలపట్నం అమ్మ:
నిజంగానే దాన్ని అడగలేదు. ఇందాకే అడిగాను. ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు. "మాత్ర వద్దు, ఇంట్లో ఉంటాను. చుట్టాలు అడిగితే మాత్రం పోయినసారిలా జ్వరమని చెప్పకు" అంది. పోయినసారి చెప్పింది నేనే.
అత్తగారికి ఇంకా చెప్పలేదు.