డప్పు వాయించేవాడు వెళ్లిపోతే అదే బ్యాండా?

నల్లగొండ గిటారు: మాది నలుగురి రాక్ బ్యాండు. నాలుగేళ్ల కిందట ఒక మిత్రుడి మేడ మీద గదిలో మొదలైంది. అప్పట్లో ఇంగ్లిషు పాటలే వాయించేవాళ్లం. జనం మర్యాదకు చప్పట్లు కొట్టేవారు. ఒక దసరాకు పక్క వీధి డప్పు కళాకారుడు సరదాగా మాతో కలిశాడు. ఆ రాత్రితో మా పాటల నడకే మారిపోయింది. ఇప్పుడు ఆయనకు హైదరాబాదులో ఉద్యోగం దొరికింది. ఆయన దెబ్బలను రికార్డు చేసుకుని ఎలక్ట్రానిక్ ప్యాడు మీద వాయిద్దామని మిగతా ఇద్దరూ అంటున్నారు. అలాగైతే బ్యాండు పేరు కూడా మార్చుకోవాలని నా వాదన. మీరేమంటారు?

పాలమూరు శ్రోత: పేరెందుకు మార్చాలి? ఢిల్లీలో 1990లో పుట్టిన ఇండియన్ ఓషన్ బ్యాండు సంగతి చూడండి. సుస్మిత్ సేన్ గిటారు, అషీమ్ చక్రవర్తి తబలా, గాత్రం: మొదలుపెట్టింది ఆ ఇద్దరే. అషీమ్ 2009లో కన్నుమూశారు, సుస్మిత్ 2013లో తప్పుకున్నారు. పేరు మాత్రం అదే.

సూర్యాపేట డప్పు: పేరు సరే, ధ్వని మాటేమిటి? అషీమ్ తబలా వాయిస్తూనే పాడేవారు. ఆయన తర్వాత తబలాకు ఒకరిని, పాటకు మరొకరిని తీసుకున్నారు. ఒక్కరి స్థానంలో ఇద్దరు మనుషులు వచ్చారు, యంత్రం రాలేదు. తమ్ముడూ, మా నాన్న డప్పును గడ్డిమంట మీద కాచి, వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. కాగిన చర్మం ఖంగుమంటుంది. చల్లారేకొద్దీ గొంతు దిగుతుంది. ఆ దిగుడును చూసుకుంటూ చిర్ర అనే లావుపాటి కర్రతో దెబ్బ బరువు మార్చేవారు, చిటికెన పుల్ల అనే సన్నటి కర్రతో ఖాళీలు పూరించేవారు. ప్యాడులో ఏముంటుంది, ఒకటే దెబ్బ వెయ్యిసార్లు!

నల్లగొండ గిటారు: అన్నా, ఆ దిగుడే మా గొడవ. మొన్న ఒక కల్యాణ మండపంలో మంట పెట్టనివ్వలేదు. వంటవాళ్ల పొయ్యి దగ్గర నిలబడి కాచుకొచ్చాడు. రెండో పాటకే డప్పు మెత్తబడింది, పాడేవాడు అందరి ముందూ విసుక్కున్నాడు.

మిర్యాలగూడ సౌండు: మైకులు పెట్టేవాడిగా చెబుతున్నాను, నాకు ప్యాడే సుఖం. పాడేవాడి మైకులో సగం డప్పే దూరుతుంది. అయినా దురాజ్‌పల్లిలో పెద్దగట్టు జాతరకు వెళ్లినప్పుడు భేరీల మోత, ‘ఓ లింగా’ కేకలు విన్నాక నా స్పీకర్ల మీద నాకే చిన్నచూపు కలిగింది. రెండు డప్పులు పెట్టుకోండి. ఒకటి వాయిస్తుండగా రెండోది వేడి లైటు ముందు ఉంచండి. పాడేవాడిని నాలుగడుగులు పక్కకు జరపండి. సగం తగాదా అక్కడే తీరుతుంది.

పాలమూరు శ్రోత: డప్పు రాకముందు మీది బ్యాండు కాదా మరి? వాయిద్యం పోతే పేరు మార్చాలనే నియమం పెడితే కొత్తదాన్ని తెచ్చుకోవడానికి ఎవరు సాహసిస్తారు? మా వైపు పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగల వాయిద్యం వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. రేపు ఏ కుర్రవాడైనా రాక్ పాటలో కిన్నెర పెట్టి, ఎల్లుండి తీసేస్తే తప్పా? ధ్వని మారనివ్వండి.

సూర్యాపేట డప్పు: మారనివ్వండి, కాదనను. ఒక్క సంగతి చెప్పండి. ప్యాడులో మోగే దెబ్బ ఎవరిది? కచేరీ డబ్బులో ఆయనకు వాటా ఉందా? చావుకూ పెళ్లికీ డప్పు కావాలి, పైకం పంచే వేళకు వాయించినవాడు గుర్తుకు రాడు. ఈ అలవాటు రాక్ బ్యాండుకు కూడా అంటుకోవాలా?

నల్లగొండ గిటారు: వాటా సంగతి మాలో ఎవరికీ తట్టలేదు, సిగ్గుగానే ఉంది. నిన్న ఫోను చేసి అడిగాను. “దెబ్బలకు వాటా ఏమిటి, కచేరీ శనివారం పెట్టండి, బస్సెక్కి నేనే వస్తాను” అన్నాడు. మావాళ్లకు చెప్పాను. వాళ్లు ఇంకా ప్యాడు ధరలు చూస్తూనే ఉన్నారు.